సెరంగూన్ రోడ్డు దీపాలు, మా కారిడార్లో దివిటీలు

దీపావళి దగ్గర పడుతోందంటే చాలు, సింగపూర్లో ఉన్నవాళ్ళు, ఉండి వచ్చినవాళ్ళు అక్కడి మనవాళ్ళ పేట లిటిల్ ఇండియా ఫోటోలు పెట్టడం మొదలుపెడతారు. సెరంగూన్ రోడ్డు పొడుగునా కట్టిన లైట్ల తోరణాలు, నెమళ్ళు, ఏనుగులు, కలువలు, వాటి కింద బారులు తీరిన కార్లు. చూడగానే నాకిప్పటికీ ఒళ్ళు పులకరిస్తుంది. నేనూ ఆ ఫోటోలు తీసినదాన్నే, ఊళ్ళో అందరికీ పంపించినదాన్నే. కానీ సింగపూర్ దీపావళి అనగానే నాకు ముందు గుర్తొచ్చేది ఆ రోడ్డు కాదు. ఊరికి తూర్పు వైపున ఒక పాత హెచ్‌డిబి బ్లాకులో, అంటే ప్రభుత్వం కట్టించిన ఫ్లాట్ల భవనంలో, మేం అద్దెకున్న ఫ్లాటు, దాని ముందు పొడుగాటి కారిడార్, అందులోకి తలా ఒక వెలుగు పట్టుకుని వచ్చిన మనుషులు. ముఖ్యంగా 2004, 2005 దీపావళులు. ఆ రెండింటి గురించీ రాయాలని ఎప్పటినుంచో అనుకుంటున్నాను.

మా వారికి అక్కడ ఉద్యోగం వచ్చి మేం వెళ్ళింది 2003లో. సరిగ్గా ఆ ఏడాదే లిటిల్ ఇండియా మీదుగా కొత్త రైలు లైను తెరిచారు. స్టేషన్‌లో దిగి మెట్లెక్కి బయటికి రాగానే మల్లెపూల వాసన, సాంబ్రాణి, వేయించిన మిరపకాయల ఘాటు ఒక్కసారిగా వచ్చి తగిలేవి. టెక్కా మార్కెట్, పక్కన బఫెలో రోడ్డులో పూలదండలు, అరటాకులు, మామిడాకులు, కట్టలు కట్టలుగా కరివేపాకు. దీపావళికి నెల ముందే క్యాంప్‌బెల్ లేన్లో పందిళ్ళు వేసి బజారు పెట్టేవాళ్ళు. మట్టి ప్రమిదలు, తోరణాలు, జంతికల డబ్బాలు, చీరలు. మన పల్లెల్లో తిరునాళ్ళప్పుడు ఉండే తొక్కిసలాటే అక్కడా ఉండేది, అందులో సగం మంది మనవాళ్ళు కాదు. చైనీస్ అమ్మాయిలు చేతికి గోరింటాకు పెట్టించుకుంటూ, తెల్లవాళ్ళు పిల్లల్ని భుజాన ఎక్కించుకుని లైట్లు చూపిస్తూ, ఆదివారం సెలవు దొరికిన బంగ్లాదేశ్, తమిళనాడు కూలీలు గుంపులు గుంపులుగా గడ్డి మీద కూర్చుని ఇంటికి ఫోన్లు చేసుకుంటూ.

అంత సందడి ఉన్నా మొదటి దీపావళి నాకు వెలితిగానే గడిచింది. కారణం ఒక్కటే, బాణసంచా లేదు. సింగపూర్లో 1972లోనే చట్టం చేసి మందుగుండు కాల్చడం మాన్పించారు. చైనా కొత్త సంవత్సరానికి కాల్చే టపాకాయలతో మంటలు రేగి మనుషులు పోవడంతో ఆ కట్టడి వచ్చింది. కాకరపువ్వొత్తులు మాత్రం దొరికేవి. పిల్లలు అవి కాల్చుకుని సంతోషంగానే పడుకున్నారు, వాళ్ళకి అంతకు ముందు పెద్దగా తెలియదు కదా. నాకు తెలుసు.

మాది తణుకు పక్కన పల్లె. దసరా వెళ్ళిన మర్నాటినుంచి మా నాన్నగారు అరుగు మీద మందు సామాను పరిచేవారు. సూరేకారం, గంధకం, బొగ్గుపొడి, రజను. ఏది ఎంత కలపాలో ఆయనకి చేతి లెక్కే. మతాబుల గొట్టాలు చుట్టడం పిల్లల పని. పాత పేపర్లు, మైదా ఉడికించిన జిగురు, గొట్టం చుట్టడానికి నున్నటి కర్ర ముక్క. చుట్టినవన్నీ డాబా మీద ఎండలో పెట్టి కాకులు రాకుండా కాపలా కాసేవాళ్ళం. కుమ్మరి ఇంటినుంచి చిచ్చుబుడ్ల బుర్రలు తట్టలతో వచ్చేవి. ఇవన్నీ ఒక ఎత్తు, అమావాస్య సాయంత్రం దివిటీలు ఒక ఎత్తు. పాత పంచె చింపి, నువ్వుల నూనెలో తడిపి, గోగుకాడల చివర చుట్టి వెలిగించి మా చేతికిచ్చేది అమ్మ. "దిబ్బు దిబ్బు దీపావళి, మళ్ళీ వచ్చే నాగులచవితి" అంటూ నేలకేసి కొట్టి, ఆ కాడలు వాకిట్లో వదిలేసి, వెనక్కి చూడకుండా లోపలికొచ్చి కాళ్ళు కడుక్కుని తీపి నోట్లో పెట్టుకోవాలి. ఆ తరవాతే టపాకాయలు. ఆ దివిటీ ఎందుకని అడిగితే నాన్నగారు చెప్పేవారు, ఈ రోజు పెద్దవాళ్ళు మనల్ని చూసి వెళ్తారమ్మా, చీకట్లో వాళ్ళకి దారి కనపడాలిగా అని. చిన్నప్పుడు అది విని భయపడేదాన్ని. నాన్నగారు 2003 వేసవిలో పోయారు. ఆ ఏడాది నాకు వెలితి అనిపించింది బాణసంచా లేకపోవడం ఒక్కటే కాదని ఇప్పుడు రాస్తుంటే తెలుస్తోంది.

మా బ్లాకు సంగతి చెప్పాలి, ఎందుకంటే అది అలా ఉండబట్టే ఆ దీపావళులు అలా జరిగాయి. సింగపూర్లో ప్రభుత్వం కట్టించే ఫ్లాట్లలో ఒక్కో బ్లాకులో చైనీస్, మలయ్, ఇండియన్ కుటుంబాలు ఎంతెంత శాతం ఉండొచ్చో 1989 నుంచి పరిమితులు పెట్టారు. ఏ జాతివాళ్ళూ ఒకేచోట పోగుపడకుండా. ఆ విధానం మీద ఎవరి అభిప్రాయాలు వాళ్ళకుంటాయి, ఇల్లు అమ్ముకోవాలన్నప్పుడు అది ఇబ్బందిగా ఉంటుందని మా ఎదురు బ్లాకు తమిళాయన బాధపడేవాడు, అదీ నిజమే. కానీ దాని పుణ్యమా అని మా కారిడార్లో ఒక పక్క మలయ్ కుటుంబం, ఇంకో పక్క ఒంటరిగా ఉండే చైనీస్ పెద్దావిడ. మలయ్ ఆవిడని పిల్లలు మక్‌చిక్ అనేవాళ్ళు, అంటే మనం పిన్నిగారూ అన్నట్టు. చైనీస్ ఆవిడని అందరిలాగే మేమూ ఆంటీ అనేవాళ్ళం. తలుపులకి ముందు ఇనప గ్రిల్ ఉండేది కాబట్టి పగలంతా తలుపు తీసే ఉంచేవాళ్ళం, ఎవరింట్లో ఏం వండుతున్నారో ముక్కుకే తెలిసేది.

పండగ రోజు తలుపు తీసి పెట్టి వచ్చినవాళ్ళందరికీ భోజనం పెట్టే ఆనవాయితీ నాకు నేర్పింది మక్‌చిక్కే. రంజాన్ పండగని వాళ్ళు హరి రాయ అంటారు. మొదటి ఏడాది ఆ రోజు మమ్మల్ని చెయ్యి పట్టుకుని లోపలికి తీసుకెళ్ళి కూర్చోబెట్టింది. వాళ్ళ ఇంటికి పొద్దున్నుంచి రాత్రిదాకా చైనీస్ వాళ్ళు, సిక్కులు, వాళ్ళాయన ఆఫీసువాళ్ళు వస్తూనే ఉన్నారు. మేం శాకాహారులమని తెలిసి, మాకోసం కొబ్బరాకుల బుట్టల్లో ఉడికించిన అన్నం, దాంతో కలుపుకోవడానికి మాంసం తగలకుండా వేరే గిన్నెలో చేసిన వేరుశనగ పులుసు విడిగా పెట్టింది. మీ పండగకి మీరు ఎవర్ని పిలుస్తారు అని అడిగింది. నా దగ్గర జవాబు లేదు. తణుకు పక్క పల్లెలో పండగంటే ఎవరింట్లో వాళ్ళు చేసుకునేదే, చుట్టాలొస్తే వస్తారు. పిలవడం అనేదే ఉండదు.

అందుకే 2004లో పిలిచాం.

ఆ ఏడాది ఒక చిన్న తిరకాసు వచ్చింది. సింగపూర్లో దీపావళి సెలవు తమిళుల లెక్క ప్రకారం ఇస్తారు. వాళ్ళకి నరక చతుర్దశి ముఖ్యం, తెల్లవారుజామునే లేచి తలంటుకుని కొత్తబట్టలు కట్టుకుంటే పండగ అయినట్టే. మనకి అమావాస్య సాయంత్రం. కొన్నేళ్ళు రెండూ ఒకే రోజు పడతాయి కానీ 2004లో సెలవు నవంబరు 11 గురువారం, మన అమావాస్య మర్నాడు. అందరికీ సెలవున్న రోజే నలుగురూ వస్తారని 11నే పిలుపులు పెట్టుకున్నాం. మా వారి ఆఫీసులో పనిచేసే జర్మన్ దంపతులు, ఒక ఆస్ట్రేలియా కుర్రాడు, కొత్తగా పెళ్ళైన ఫ్రెంచ్ జంట, కారిడార్లో వాళ్ళందరూ.

పిలిచాక నాకు ఒకటే టెన్షన్. ఈ విదేశీయులు వచ్చి ఏం చేస్తారు? కూర్చుని కూల్‌డ్రింక్ తాగి ఫోటోలు తీసుకుని వెళ్ళిపోతారేమో, అందులో నాకు పండగ ఎక్కడుంటుంది అనుకున్నాను. ఆ సాయంత్రం లిఫ్ట్ తలుపు తెరుచుకునేసరికి జర్మన్ వాళ్ళ పిల్లలిద్దరూ కర్రలకి వేలాడగట్టిన కాగితం లాంతర్లు పట్టుకుని నిలబడి ఉన్నారు. లోపల చిన్న దీపాలు. కాగితం మీద వాళ్ళే అంటించుకున్న నక్షత్రాలు, చందమామ. నోరు తెరుచుకుని చూస్తుంటే వాళ్ళమ్మ చెప్పింది, నవంబరు 11 వాళ్ళ ఊళ్ళో సెయింట్ మార్టిన్ పండగట, చీకటి పడగానే పిల్లలంతా చేత్తో చేసుకున్న లాంతర్లు పట్టుకుని పాటలు పాడుకుంటూ వీధుల్లో తిరుగుతారట. "సింగపూర్ వచ్చాక పిల్లలు అడుగుతూనే ఉన్నారు, ఎక్కడ తిప్పాలో తెలియలేదు. మీరు దీపాల పండగ అనగానే ఇక్కడికే తీసుకొచ్చేశాను, ఏమనుకోకండి" అంది. ఏమనుకుంటాను! నాకు ఏడుపొక్కటే తక్కువ.

పిల్లలందరూ కలిసి కారిడార్ ఈ చివర్నుంచి ఆ చివరిదాకా ఊరేగింపు చేశారు. వాళ్ళు జర్మన్‌లో పాడితే మావాళ్ళు, మక్‌చిక్ మనవలు వెనకాల కూని రాగాలు. మా పాప వాళ్ళకి సత్యభామ కథ చెప్పింది, విల్లు ఎక్కుపెట్టి నరకాసురుణ్ణి చంపింది ఆవిడేనని మరీ మరీ నొక్కి చెప్పింది. వాళ్ళ పెద్దబ్బాయి మార్టిన్ కథ చెప్పాడు. చలికి వణుకుతున్న బిచ్చగాణ్ణి చూసి గుర్రం మీద వెళ్తున్న ఆ సైనికుడు కత్తి దూసి తన పైబట్టని రెండు ముక్కలు చేసి సగం ఇచ్చేశాడట. మావాడు వెంటనే, మిగతా సగం ఎందుకివ్వలేదు అని అడిగాడు. ఆ అబ్బాయి చాలాసేపు ఆలోచించి, ఆయనకీ చలేస్తుంది కదా అన్నాడు.

ఆ రోజు జర్మన్ ఆవిడ వంటింట్లో నా పక్కనే నిలబడి వత్తులు చేసింది. దూదిని రెండు వేళ్ళ మధ్య పెట్టి మెలి తిప్పడం రాక మొదట్లో అన్నీ ఊడిపోయేవి, వేళ్ళకి పాల తడి చేసుకుంటే నిలుస్తాయని చూపించాను. ప్రమిదలో నూనె ఎంత పొయ్యాలి, వత్తి ఎంత బయటికుండాలి, ఏ దిక్కుకి పెట్టాలి, అన్నీ అడిగి అడిగి చేసింది. నాలుగేళ్ళుగా సింగపూర్లో ఉంటున్నారట, కండోమినియం, ఇంటర్నేషనల్ స్కూలు, క్లబ్బు, అవే మూడు చోట్లు. మామూలు మనుషులుండే ఇంటి వంటగదిలోకి రావడం ఇదే మొదటిసారి అంది. పరాయి దేశంలో పెద్ద ఉద్యోగాలు చేసుకుంటూ బతికేవాళ్ళకి ఏం లోటుంటుంది అనుకుంటాం. ఉంటుంది. పిల్లల లాంతర్లు తిప్పడానికి ఒక వీధి లేకపోవడం లోటే.

మర్నాడు శుక్రవారం, అసలు అమావాస్య. ఆఫీసులకి వెళ్ళొచ్చి మేం నలుగురం లక్ష్మీపూజ చేసుకున్నాం. ఆదివారం హరి రాయ. మళ్ళీ మక్‌చిక్ ఇంట్లో భోజనం.

ఇక 2005. ఆ ఏడాది అమ్మ వచ్చింది.

నాన్నగారు పోయాక అమ్మ ఊళ్ళో పండగలకి దూరంగా ఉంటోందని తెలిసి, దీపావళి ముందే వచ్చేలా టికెట్ తీశాం. వచ్చిన వారానికే ఆవిడకి లిటిల్ ఇండియా కొట్టిన పిండి అయిపోయింది. పెరుమాళ్ గుడికి తీసుకెళ్తే, 1855 నాటి గుడి అని విని, మొదట అక్కడ నరసింహస్వామి పేరున కొలిచేవారని చెప్పగానే ద్వారకా తిరుమల వెళ్ళినంత సంతోషపడింది. దీపావళికి కొద్ది రోజుల ముందు ఆ గుడినుంచే బయల్దేరి సౌత్ బ్రిడ్జ్ రోడ్డులో మారియమ్మ గుడిదాకా నడిచి వెళ్ళి నిప్పులు తొక్కుతారు. అది చూస్తానని పట్టుబట్టింది, జనం తోపులాట చూసి మా వారే వద్దన్నారు. దానికి ఆవిడ నాతో రెండు రోజులు మాట్లాడలేదు, అల్లుడితో మాత్రం మామూలుగానే మాట్లాడింది.

వాటర్లూ స్ట్రీట్‌లో కృష్ణుడి గుడికి తీసుకెళ్ళినప్పుడు మాత్రం నోట మాట రాలేదు ఆవిడకి. ఆ గుడి పక్కనే చైనీస్ వాళ్ళ క్వాన్ ఇమ్ అమ్మవారి గుడి ఉంటుంది. ఆ అమ్మవారికి దణ్ణం పెట్టుకుని వచ్చేవాళ్ళలో చాలామంది ఇటు తిరిగి కృష్ణుడికీ అగరుబత్తులు వెలిగిస్తారు. వాళ్ళకోసం గుడి ముందు బూడిద నింపిన పెద్ద పాత్ర కూడా ఉంటుంది. ముసలి చైనీస్ ఆయన మూడు పుల్లలు రెండు చేతుల్తో నుదిటికి ఆనించుకుని కళ్ళు మూసుకుని నిలబడితే అమ్మ ఆయన పూర్తిచేసేదాకా పక్కకి తప్పుకుని ఆగింది. బయటికొచ్చాక, "ఎంత శ్రద్ధే ఆయనకి" అంది.

పండగ ముందు రోజు టెక్కాలో గోంగూర కట్టలు కనపడ్డాయి. అమ్మ మొహం వెలిగిపోయింది. పచ్చడికనుకున్నాను, కాదు, కాడలకి. "ఏమే, గోగుకాడలు దొరికితే పిల్లలచేత దివిటీలు కొట్టిద్దాం" అంది. ఇంటికొచ్చి ఆకు కోసి చూస్తే అవి లేతకాడలు, వేలెడు పొడుగు, పచ్చి. నూనె గుడ్డ చుడితే వంగిపోయాయి. ఆకు పచ్చడైంది, కాడలు పనికిరాలేదు. అమ్మ దిగులుగా కూర్చుంటే గుమ్మంలోంచి చూసిన మక్‌చిక్ విషయమేమిటని అడిగింది. చెప్పాను. ఏమీ అనకుండా ఇంట్లోకెళ్ళి సాటే పుల్లల కట్ట తెచ్చి అమ్మ ఒళ్ళో పెట్టింది. మాంసం ముక్కలు గుచ్చి కాల్చడానికి వాడే వెదురు పుల్లలు. కొత్తవి, ఇంకా విప్పని కట్ట. మా అమ్మ మడి ఆచారం ఉన్న మనిషి, నాకు గుండె ఆగినంత పనైంది. ఆవిడ కట్ట విప్పి ఒక పుల్ల తీసి వంచి చూసి, "గట్టిగానే ఉన్నాయి, నాలుగేసి కలిపి కట్టు" అంది.

ఆ రోజు నవంబరు 1, మంగళవారం. సెలవు. రంజాన్ నెల చివరి రోజులు. మక్‌చిక్ వాళ్ళంతా ఉపవాసం. పొద్దున్నుంచి మా ఇంట్లోంచి బూరెలు, గారెలు, పులిహోర వాసనలు కారిడార్ అంతా కమ్ముకుంటుంటే నాకే ప్రాణం ఒప్పలేదు. అమ్మే ఉపాయం చెప్పింది, వాళ్ళు ఉపవాసం విడిచే వేళకే మన దీపాలు కూడా కదా, ఇక్కడికే రమ్మను అని. వచ్చారు. ఖర్జూరాలు, మంచినీళ్ళు వాళ్ళే తెచ్చుకున్నారు. ఏడు కావస్తుండగా వాళ్ళ రేడియోలో అజాన్ వినపడింది. అదే నిమిషంలో ఇటు అమ్మ దేవుడి ముందు మొదటి దీపం వెలిగించింది. మక్‌చిక్ మనవడు ఖర్జూరం నోట్లో పెట్టుకుని, వెంటనే రెండో చేత్తో బూరె అందుకున్నాడు. పెద్దవాళ్ళు తమ ఇంటికెళ్ళి నమాజు చేసుకుని తిరిగొచ్చి భోజనానికి కూర్చున్నారు. మా ఇంట్లో మాంసం వండరు కాబట్టి హలాల్ గురించి వాళ్ళు ఆలోచించాల్సిన పని లేదు, ఏం పెట్టినా నిశ్చింతగా తిన్నారు.

పక్కింటి ఆంటీ తన అగరుబత్తులు తనే తెచ్చుకుంది. లక్ష్మీదేవి పటం ముందు నిలబడి, ఎటువైపు గుచ్చాలని సైగ చేసి అడిగింది. అమ్మ ఒక గ్లాసులో బియ్యం పోసి ఇచ్చింది. ఆ ఇద్దరికీ ఉమ్మడి భాష ఒక్క ముక్క లేదు. ఈవిడకి తెలుగు తప్ప రాదు, ఆవిడకి హొక్కియన్ అనే చైనీస్ భాష, కాస్త బజారు మలయ్. అయినా ఆంటీ సున్నుండలు తినకుండా చేతిరుమాల్లో చుట్టుకుంటుంటే ఎందుకో అమ్మకే ముందు అర్థమైంది. రేపటికి దాచుకుంటోంది. మర్నాడు చైనీస్ లెక్కలో కొత్త నెల మొదటి రోజు, ఆ రోజు ఆవిడ శాకాహారమే తింటుంది. అమ్మ లోపలికెళ్ళి స్టీలు డబ్బా నిండా పెట్టి తెచ్చింది.

చంద్రుడు లేని రాత్రి ఒకటే. మనకి దీపావళి. ఆంటీకి మర్నాటితో కొత్త నెల. మక్‌చిక్‌కి, నెలవంక ఎప్పుడు కనపడుతుందా, పండగ ఎప్పుడవుతుందా అని ఎదురుచూపు. ఇస్లామీ క్యాలెండరుకి అధికమాసం లేదు కాబట్టి వాళ్ళ పండగలు ఏటా సుమారు పదకొండు రోజులు ముందుగా వచ్చేస్తుంటాయి. మనమూ, చైనీస్ వాళ్ళూ మధ్యమధ్యలో ఒక నెల కలిపి సరిచేసుకుంటాం. అందుకని ఇలా పక్కపక్కన పడటం ముప్పై మూడేళ్ళ చొప్పున ఒకసారి వస్తుంది, వచ్చినప్పుడు రెండు మూడేళ్ళపాటు ఉంటుంది. 2004, 2005, 2006 అలాంటివి. ఆ మూడేళ్ళూ సెరంగూన్ రోడ్డులో దీపావళి లైట్లు, మలయ్ వాళ్ళ పేట గేలాంగ్ సెరాయ్‌లో హరి రాయ లైట్లు ఒకేసారి వెలిగాయి. ఆ రెండు చోట్లకీ ఒకే సాయంత్రం పిల్లల్ని తిప్పేవాళ్ళం.

దివిటీలకి అందరం కిందికి దిగాం, కారిడార్లో మంట పెట్టకూడదు కదా. బ్లాకు కింద సిమెంటు గట్టు, పక్కన గడ్డి. అప్పటికే వాన పడి వెలిసింది. అమ్మ ఒక బక్కెట్ నీళ్ళు పక్కన పెట్టించి, ఒక్కో దివిటీ వెలిగించి పిల్లలకి ఇస్తోంది. జర్మన్ పిల్లలు ఈసారి లాంతర్లు లేకుండా వచ్చారు, వాళ్ళ పండగకి ఇంకా పది రోజులుంది, వాళ్ళకీ చెరొకటి. ఆస్ట్రేలియా కుర్రాడు నాకూ కావాలన్నాడు, ఆరడుగుల మనిషి, పిల్లల వరసలో నిలబడ్డాడు. మా అమ్మ పాడితే అందరూ అందుకున్నారు. ఎవరి నోట్లో ఎలా పలికితేనేం, పుల్లలు నేలకి తగిలేసరికి నిప్పురవ్వలు లేచాయి.

అప్పుడే పై అంతస్తులో ఒకరింట్లో పనిచేసే ఫిలిప్పీన్స్ అమ్మాయి దూరంగా స్తంభం దగ్గర నిలబడి చూస్తోంది. ఆ ఇంటివాళ్ళు ఊరెళ్తే ఆ రోజు ఆమెకి తీరిక దొరికింది. రమ్మని పిలిచాను. వచ్చి నా చెవిలో అడిగింది, ఒకటి మా నాన్న పేరు మీద వెలిగించుకోవచ్చా అని. వాళ్ళ దేశంలో నవంబరు ఒకటిన అందరూ సమాధుల దగ్గరికెళ్ళి కొవ్వొత్తులు వెలిగించి, కుటుంబమంతా అక్కడే కూర్చుని భోంచేసి, పోయినవాళ్ళని తలుచుకుంటారట. ఆమె ఇంటికెళ్ళి చాలా ఏళ్ళయింది, నాన్న పోయినప్పుడు కూడా వెళ్ళలేకపోయింది. ఎవరో ఒకరు అక్కడ వెలిగిస్తారులే అనుకుంటూ గడుపుతోందట.

అమ్మకి చెప్పాను. ఆవిడ ఇంకేం అడగలేదు. కట్టలోంచి నాలుగు పుల్లలు తీసి, గుడ్డ చుట్టి, నూనెలో ముంచి వెలిగించి ఆ అమ్మాయి చేతికిచ్చింది. తనకోసం ఇంకోటి కట్టుకుంది. మా ఇళ్ళలో దివిటీ కొట్టేది పిల్లలే, పెద్దవాళ్ళు పట్టుకోవడం నేనెప్పుడూ చూడలేదు. ఇద్దరూ పక్కపక్కన నిలబడి ఎత్తి పట్టుకున్నారు, మంట చేతిదాకా వచ్చేవరకూ. ఆ అమ్మాయి పెదాలు కదులుతున్నాయి, జపమాల చెప్పుకుంటోందనుకుంటా. అమ్మ నాన్నగారి పేరు పైకి అంది. మొగుడి పేరు నోటితో అనని తరం ఆవిడది, నేను వినడం అదే మొదటిసారి.

తరవాత ఆనవాయితీ ప్రకారం వెనక్కి చూడకుండా లిఫ్ట్ దాకా నడిపించి, పైకి వెళ్ళాక గుమ్మం దగ్గర ఆ అమ్మాయి కాళ్ళ మీద చెంబుతో నీళ్ళు పోసి, నోట్లో బూరె పెట్టింది అమ్మ. "తిను తల్లీ, ఎండిపోయావు" అంది తెలుగులోనే. ఆ అమ్మాయి తిని, ఇంకోటి అడిగి తీసుకుంది. ఆ తరవాత అమ్మ తిరిగి వెళ్ళేదాకా రోజూ మధ్యాహ్నం వచ్చి ఆవిడ పక్కన కూర్చునేది, చిక్కుడుకాయలు ఈనెలు తీస్తూ, ఇద్దరూ ఎవరి భాషలో వాళ్ళు మాట్లాడుకుంటూ.

2006లో దీపావళి శనివారం వచ్చింది, జనం బాగా పెరిగారు, సందడికి లోటు లేదు. ఫ్రెంచ్ జంట చంటిపిల్లతో వచ్చారు. తరవాత ఏళ్ళలో జర్మన్ వాళ్ళు వెళ్ళిపోయారు, వెళ్తూ పిల్లల కాగితం లాంతరు ఒకటి మా పాపకి ఇచ్చి వెళ్ళారు. విదేశాల్లో స్నేహాలు అంతే, ఎవరి కాంట్రాక్టు ఎప్పుడు అయిపోతుందో తెలియదు. మేం హైదరాబాద్ వచ్చేశాక కూడా మక్‌చిక్ కూతురినుంచి ఏటా దీపావళికి మెసేజ్ వస్తుంది, మేం హరి రాయకి పంపిస్తాం.

హైదరాబాద్‌లో మేముండే అపార్ట్‌మెంట్లో కూడా ఇప్పుడు దీపావళి నాడు తలుపు తీసి పెడుతున్నాం. ఒడిశానుంచి వచ్చిన వాచ్‌మన్ కుటుంబం, మూడో అంతస్తులో అద్దెకుండే మణిపూర్ అమ్మాయిలు, ఎదురింటి ముస్లిం దంపతులు వస్తారు. మొదటి ఏడాది కాస్త మొహమాటపడ్డారు, ఇప్పుడు వాళ్ళే ఏం వండుతున్నారని ముందే అడుగుతున్నారు. అమ్మకి మోకాళ్ళ నొప్పులు, కిందికి దిగలేదు, బాల్కనీలో కుర్చీ వేయించుకుని పైనుంచే అందరికీ ఎలా కొట్టాలో చెప్తుంది. గోగుకాడలు ఇక్కడా దొరకడం లేదు. తణుకునుంచి మా పెదనాన్నగారి అబ్బాయి బస్సులో వేసి పంపిస్తున్నాడు. హైదరాబాద్‌లో ఎవరికైనా ఎక్కడ దొరుకుతాయో తెలిస్తే చెప్పండి, ముదురు కాడలు, కనీసం రెండడుగులు ఉండాలి.